ఇక్కడ గాదు, అటు

సిద్దిరాములును ఏదైనా అడగండి. ముందు ఆయన కుడిచేతి బొటనవేలు లేస్తుంది. ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరుగుతుంది. నోరు ఆ తర్వాత తెరుచుకుంటుంది.

"ఇక్కడ గాదు. అటు."

కొత్తవాడలో ఆయనను ఒక మాట అడిగి, నిలబడ్డచోటే జవాబు అందుకున్న మనిషి ఇంకా పుట్టలేదు. కొందరికి పొడుం అలవాటు, కొందరికి పేకాట. ఈయనకు మనుషుల్ని ముందుకు పంపే అలవాటు. ఎవరైనా తన దగ్గర ఆగిపోతే ఏదో పాపం చేసినట్టు ఆయన కాళ్ళు కదులుతుంటాయి.

ఆయన మరదలు నవనీత ఇదే సంగతిని ఇంకొంచెం కారం కలిపి చెబుతుంది. "మా బావ చౌరస్తల ట్రాఫిక్ పోలీస్ కావాల్సినోడు. ఎవలూ డ్రెస్సు కుట్టియ్యక గిట్ల ఖరాబైండు."

సమ్మమ్మ పిండి గిర్ని ఆయన నడిపే ఆన్‌లైన్ సెంటర్‌కు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఒక రోజు ఎవరో కొత్త మనిషి గోధుమల సంచి మోసుకొచ్చి, గిర్ని ఎక్కడని అడిగాడు. బొటనవేలు లేచింది. "మూల మీద చాయ్ హోటల్ ఉంటది. ఆయనను అడుగు, మంచిగ చెప్తడు." పాపం ఆ మనిషి హోటల్ దాకా నడిచాడు. "వెనుకకు పో, సిద్దిరాములు సెంటర్ ఎదురుంగనే" అనిపించుకుని తిరిగొచ్చాడు. సంచి దించి, చెమట తుడుచుకుని, సిద్దిరాములు వైపు చాలాసేపు చూశాడు.

"నాతోని ఒక్కనితోని చెప్పిచ్చుకుంటె నమ్ముదువా? ఇద్దరు చెప్పిరి. ఇగ అనుమానం లేదు గదా" అన్నాడు సిద్దిరాములు.

ఇంటికి చుట్టాలు వస్తే మరీ కష్టం. "మా ఇంట్ల చాయ్ అంత బాగుండది. హోటల్ల తాగుదాం రాండ్రి" అని చెప్పులు కూడా విడవనివ్వకుండా బయటికి తీసుకుపోతాడు. లోపల స్టవ్ మీద పాలు పెట్టిన భార్య పద్మలత ఆ మాట వింటుంది. ఆమె వింటున్నదని ఆయనకూ తెలుసు. అయినా నిజం చెప్పడానికి ఆయన వెనకాడడు.

ఆయన ఫోన్‌కు చేస్తే పద్మలత పలుకుతుంది. "నాకంటె ఆమెకే మాట్లాడుడు మంచిగ వస్తది" అని వచ్చే ప్రతి కాల్‌నూ ఆమె నంబరుకు మళ్ళించాడు. పెళ్ళినాడు పంతులు ఆకాశం వైపు చూపి అరుంధతి కనిపించిందా అని అడిగితే, "నాకు తెలుస్తలేదు పంతులూ, మా మామ చూపు మంచిది, ఆయనను అడుగు" అన్నాడు. పిల్లనిచ్చిన మామ నెత్తిమీద తలపాగా పట్టుకుని నక్షత్రాన్ని వెతికాడు. పద్మలతకు ఏ మనిషితో బతకబోతున్నదో ఆ రాత్రే అర్థమైంది.

నవనీతకు వెక్కిరించడానికి ఇంకో హక్కు కూడా ఉంది. ఆమె మొగుడు శేఖర్ తరఫువాళ్ళు మొదట పిల్లను చూడటానికి వచ్చింది సిద్దిరాములు ఇంటికి, ఆయన చెల్లెల్ని చూడటానికి. వాళ్ళు అరుగు ఎక్కకముందే బొటనవేలు లేచింది. "మా చెల్లె ఇంక చదువుకుంటనంటాంది. మా అత్తగారింట్ల ఇంకో పిల్లుంది. రెండు గల్లీలు దాటితె అదే ఇల్లు." తెచ్చిన అరటిపండ్ల సంచితోనే వాళ్ళు ఆ రెండు గల్లీలు దాటారు. నవనీత అప్పుడు తల దువ్వుకుంటూ ఉంది.

"ఆ పండ్లు నాకు తెచ్చినయి గాదు" అని ఆమె ఇప్పటికీ మొగుణ్ణి పొడుస్తుంది.

"అడ్రస్ మారినా సరుకు మంచిదే వచ్చింది" అని శేఖర్ మగ్గం గుంటలోకి దిగిపోతాడు. ఆ గుంటలోకి మాటలు అంతగా చేరవు.

సిద్దిరాములు బతుకుదెరువు ఒక ఆన్‌లైన్ సెంటర్. కరెంటు బిల్లులు, హాల్ టికెట్లు, పింఛను దరఖాస్తులు. పైన తండ్రి నాటి జంపఖానాల దుకాణం బోర్డు అలాగే ఉంది. లోపల గోడకు ఆయన తండ్రి నేసిన పాత జంపఖానాలు కొన్ని వేలాడుతుంటాయి. మగ్గం లేదు. ఎప్పుడో తీసేశాడు. నేతలో ఆయనకు చెయ్యి కుదరలేదు. పోగు ఆయన మాట వినేది కాదు, తిప్పిన వైపు పోయేది కాదు.

వెబ్‌సైట్లు ఆయన మాట విన్నాయి. గల్లీలో ఎవరికీ ఆ పేరు తెలియని రోజుల్లోనే నేర్చుకుని, మగ్గమున్న ప్రతి ఇంటికీ ఒకటి కట్టిచ్చాడు. కట్టి ఊరుకున్నాడా? కొన్నాళ్ళకు ఇంకా మంచి పేరు తడుతుంది. కొత్త పేరు పెడతాడు. పాత పేరుతో వచ్చేవాడు కొత్తదానికి చేరేలా దారి తిప్పుతాడు. దాన్ని రీడైరెక్ట్ అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించే తృప్తి, ఆయన పెళ్ళి ఫోటోలో కనిపించదు.

కండెలు చుట్టే రాములవ్వ పింఛను కోసం వచ్చి ఒకసారి చిక్కింది.

"అవ్వా, నువ్వు ఇల్లు మారినవనుకో. పాతింటికి చుట్టమొస్తె ఎట్ల?"

"పక్కింటోళ్ళు చెప్తరు."

"ఆ పక్కింటోన్నే నేను."

"మరి మా పక్కింటోడు పైసలు తీస్కోడు గద బిడ్డా."

"నేను గూడ తీస్కోను. పాత పేరుకు యేటేటా కిరాయి నేనే కడ్త."

రాములవ్వ కాసేపు ఆలోచించింది. "ఎవ్వలుండని ఇంటికి నువ్వు కిరాయి కడ్తానవా?" అంది. "పద్మలతకు తెలుసా?"

ఇందులో రెండు రకాలున్నాయట. ఒకటి టెంపరరీ. ఈ కొన్నాళ్ళు అటు పోండి అని చెప్పడం. ఇంకొకటి పర్మనెంట్. ఇక ఎప్పటికీ అటే అని చెప్పడం. సిద్దిరాములు పర్మనెంట్‌ను ఒక్కసారి కూడా ముట్టలేదు. "పర్మనెంట్ అంటె నాకు భయం" అంటాడు. పద్మలత ఆ మాట విన్న ప్రతిసారీ తాళిబొట్టు సర్దుకుంటుంది.

ఆయన దగ్గర ఒక అడ్రస్ ఉంది. అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా చిన్నది. వరంగల్ పేరు, జంపఖానా పేరు పక్కపక్కన. మధ్యలో గీత లేదు, చివర తోక లేదు. ఎక్కడో ఎవరికైనా ఇక్కడి జంపఖానా కావాలనిపిస్తే వేళ్ళు ముందుగా కొట్టేది దాన్నే. నవనీత సైట్ పేరు చూడండి. మొగుడి పేరు, తన పేరు, ఇద్దరు పిల్లల పేర్లు, ఇలవేల్పు పేరు అన్నీ ఉండాలని ఆమే పట్టుబట్టింది. దాన్ని తప్పుల్లేకుండా కొట్టగలిగినవాడికి ఒక జంపఖానా ఊరికే ఇవ్వచ్చు.

అంత మంచి అడ్రస్ చేతిలో ఉండి, సిద్దిరాములు ఒక్క జంపఖానా అమ్మిన పాపాన పోలేదు. ఎప్పుడో నవనీత దాన్ని ఫోన్‌లో కొట్టి చూసింది. ఆ రోజు ఆయన ఏదో దారి తిప్పబోయి, అది దీని మీదికి, ఇది దాని మీదికి పంపేలా ముడివేశాడు. ఫోన్ తిరిగి తిరిగి, మరీ ఎక్కువసార్లు దారి మళ్ళించారు, ఇక నావల్ల కాదని రాసి చేతులెత్తేసింది.

"చూసినవా అక్కా, ఫోన్‌కున్న బుద్ధి మనకు లేకపాయె" అంది నవనీత. "అది పది చక్కర్లకే వద్దన్నది. మనం ఇన్నేండ్ల సంది తిరుగుతానం."

ఆ తర్వాత ఆ అడ్రస్‌ను గల్లీలో ఎవరూ కొట్టలేదు. ఎవరి వాకిలి ముందు వాళ్ళు నిలబడి తలుపు తట్టుకుంటారా?

ఇటు గల్లీలో మాత్రం అదృష్టం ఒక్కో యేడు ఒక్కో ఇంటి అరుగు మీద కూర్చునేది. ఒక యేడు భద్రమ్మకు బేరాలు విరగబడ్డాయి. ఆమె మేడారం పోయి తన ఎత్తు బెల్లం తల్లికి సమర్పించింది, అందుకే అంది. గల్లీలో సగం మంది మరుసటి జాతరలో బెల్లం తూకం వేయించుకున్నారు. మరో యేడు రాజమౌళికి. ఆయన వాస్తు చూపించి దర్వాజ మార్చాడు, అందుకే అన్నాడు. రెండు ఇళ్ళవాళ్ళు గోడలు పగలగొట్టుకున్నారు. ఒకరికి దర్వాజ వంటింట్లోకి తెరుచుకుంది.

ఇప్పుడు నడుస్తున్నది నవనీత కాలం. నిరుడు శేఖర్ చేతికి దెబ్బ తగిలి మగ్గాలు రెండూ ఆగాయి. అలాంటిది కొన్నాళ్ళకే ఫోన్ మోగడం మొదలైంది. బెంగుళూరు నుంచి, పుణె నుంచి, కొచ్చిన్‌లో హోటల్ నడిపే ఒకాయన నుంచి. నవనీత బెల్లాన్నీ వాస్తునూ నమ్మే రకం కాదు. తన ఫోటోలను నమ్మింది. జంపఖానాను పొద్దుటి ఎండలో, డాబా పిట్టగోడ మీద, ఏటవాలుగా పరిచి తీసే ఫోటోలు. వాటి గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతు కొంచెం పట్నం అవుతుంది.

"సరుకు అందరు నేస్తరు బావా. చూపెట్టుడు రావాలె. నీ తీరు గోడకు ఏలాడేస్తె బల్లులు కొంటయి."

"అవ్ పిల్లా, నీ ఫోటోలు మంచిగుంటయి" అనేవాడు సిద్దిరాములు. పోట్లాటకు కూడా ఆయన ఒక చోట నిలబడడు.

ఇలా ఉండగా హనుమకొండ నుంచి రాజేశ్వర్ రావు అనే షోరూం ఆసామి కారులో వచ్చాడు. మిషన్ మీద అచ్చేసిన జంపఖానాలు అమ్ముతాడు. ఆయనకు ఆ చిన్న అడ్రస్ కావాలి. దాన్ని తెరిచి చూశాడో లేదో తెలియదు. భూమి కొనేవాడు లోపల చెట్లు లెక్కపెట్టడు కదా.

"పేరు ఒక్కటిస్తె చాలు సిద్దిరాములూ. మా షోరూంకు పర్మనెంటుగ తిప్పుకుంట. నువ్వు చెప్పిందే రేటు."

పద్మలత గుమ్మంలో నిలబడింది. నవనీత అక్క చెయ్యి పట్టుకుంది. సిద్దిరాములు కుర్చీలో సర్దుకున్నాడు. బొటనవేలు లేచింది.

"ఇక్కడ గాదు సార్. మీకు మంచి పేరు గావాలె గదా? నర్సంపేటల దేవదాస్ అని ఉంటడు. మస్తు పేర్లుంటయి ఆయన దగ్గర."

రాజేశ్వర్ రావు నర్సంపేట దాకా పోయాడు. దేవదాస్ అక్కడ పత్తి దుకాణాలకు బోర్డులు రాసే పెయింటర్. అంత దూరం పోయినందుకు ఒక బోర్డు రాయించుకుని వచ్చాడట. మళ్ళీ కొత్తవాడ వైపు రాలేదు.

ఆ సాయంత్రం పద్మలత అన్నం పెట్టి, పళ్ళెం ముందుకు తోసింది. "ఇక్కడ గాదు, అటు పోయి తిను" అంది. ఆయన నిజంగానే పళ్ళెం పట్టుకుని అరుగు మీదికి పోయాడు.

నవనీతకు కడుపు మండింది. అక్క మెడలో పుస్తెల తాడు తప్ప ఏమీ లేదు. ఈ మనిషి అమ్మడు, వాడడు, కిరాయి మాత్రం కడతాడు. అమ్మకపోతే మానె, కనీసం ఆయన అడ్రస్‌లో ఆయన దుకాణమైనా తెరుచుకోవద్దా?

సిద్దిరాములు ధర్మసాగర్‌లో చుట్టాల పిల్ల తొట్టెల వేడుకకు పోయిన రోజు, నవనీత సెంటర్‌లో ఆయన కుర్చీలో కూర్చుంది. కంప్యూటర్ తెరిచే ఉంది. చిన్న అడ్రస్ దొరికింది. పక్కన ఒక డబ్బా. ఎటు పంపాలో అందులో రాయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో 'తొవ్వ' అని, అంటే దారి అని, ఏదో పిచ్చి పేరు ఉంది.

"తొవ్వ అట తొవ్వ. ఎటు పోతదో ఆ దేవునికే ఎరుక" అని దాన్ని చెరిపేసింది. బావ ఎప్పుడో కట్టి వదిలేసిన తన దుకాణం పేజీ పేరు రాసింది. టెంపరరీయా, పర్మనెంటా అని అడిగింది కంప్యూటర్.

"చేస్తె గట్టిగనే చేద్దాం" అని పర్మనెంట్ నొక్కింది.

తన ఫోన్‌లో అడ్రస్ కొట్టి చూసింది. సిద్దిరాములు ఫోటో ప్రత్యక్షమైంది. గోడకు వేలాడే జంపఖానాల మధ్య, ఎవరో బలవంతంగా నిలబెట్టినట్టు.

"ఆయనకు చెప్దామానే?" అంది పద్మలత.

"చెప్తె బొటనేలు లేస్తది. ఊకో అక్కా."

మరుసటి వారం నవనీత ఫోన్ మోగలేదు. ఆ తర్వాతి వారం కూడా మోగలేదు. ఆమె దాన్ని తుడిచింది. శేఖర్ ఫోన్ నుంచి చేసి చూసింది. మోగింది. అంటే ఫోన్ బాగానే ఉంది. లోకమే పాడైంది.

మగ్గాల మీద ఉన్న చివరి ఆర్డర్ దిగిపోయింది. కొచ్చిన్ ఆయన మళ్ళీ చేస్తానన్నాడు, చెయ్యలేదు. రెండో మగ్గం మీద నేసే ఎల్లస్వామి ఖాళీ మగ్గం ముందు వచ్చి కూర్చుని పోతున్నాడు. అంచుల్లో అతను తిప్పే నెమలికంఠం రంగు గల్లీలో ఇంకెవరికీ రాదు.

"వదినా, సూరత్ల మా బామ్మర్ది ఉన్నడు. పవర్‌లూమ్ మీద పనుందట. ఎన్నొద్దులని ఊకె కూసుంట?"

"జర ఆగు ఎల్లస్వామీ. వస్తయి."

"వస్తె మంచిదే. మా అమ్మ సూరత్ రానని మంచం కోడు పట్టుకొని కూసుంది."

ఎల్లస్వామి పోతే ఆ మగ్గం మళ్ళీ లేవదని నవనీతకు తెలుసు. ఆమె ఫోటోలన్నీ మళ్ళీ తీసింది. ఎండ మారిందేమోనని సాయంత్రం తీసింది. జంపఖానా పక్కన పూలకుండీ పెట్టింది. భద్రమ్మ వచ్చి, తల్లికి మొక్కుకొమ్మంది. రాజమౌళి వచ్చి, కొలబద్ద పెట్టి, కిటికీ మీద అనుమానంగా ఉందన్నాడు. బెల్లాన్నీ వాస్తునూ నమ్మని నవనీత ఆ రోజు కిటికీకి నిమ్మకాయలు కట్టింది. అవి ఎండిపోయాయి. ఫోన్ మోగలేదు.

చివరికి ఆమెకు నేరస్థుడు దొరికాడు. గల్లీలో దారులు తిప్పేవాడు ఒక్కడే కదా. శేఖర్‌ను వెంటబెట్టుకుని సెంటర్ మెట్లెక్కింది.

"బావా! నా సైట్‌ను ఎటు మలిపినవ్? ఒక్క ఫోన్ వస్తలేదు. ఎల్లస్వామి టికెట్ కోసం స్టేషన్‌కు పోయిండు పొద్దుగాల. నీ ఆటలకు నా మగ్గమే దొరికిందా?"

బొటనవేలు లేచింది. సగంలో ఆగింది. నవనీత ఎప్పుడూ చూడని సంగతి అది.

"నీదాన్ని నేను ముట్టలే పిల్లా. ఫోన్ వస్తలేదా? ఎప్పటి సంది?"

ఆయన కంప్యూటర్ వైపు తిరిగి చిన్న అడ్రస్ కొట్టాడు. తెర మీద తన ముఖమే కనిపించింది. ఉలిక్కిపడి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ఇదేంది? ఇందుల నేనెందుకున్న?"

"నేనే పెట్టిన" అంది నవనీత. "నీ అడ్రస్ల నువ్వుంటె తప్పా?"

"ఆ డబ్బాల తొవ్వ అని ఉండాలె. అదేది?"

"ఆ పిచ్చి పేరా? తీసిపారేసిన."

సిద్దిరాములు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "పిల్లా, ఆ తొవ్వ మీ ఇంటికే పోతది."

ఎదురుగా గిర్ని తిరుగుతూ ఉంది.

"మా ఇంటికా?"

"శేఖర్ చేతికి దెబ్బ తాకినప్పటి సంది. ఎవలన్న చూస్తె ఎరుకయితదని మధ్యల ఆ పేరు పెట్టిన. చిన్న అడ్రస్‌కు వచ్చినోడు తొవ్వకు వస్తడు, తొవ్వ మీకాడికి తోలుతది. ఎవలి మగ్గం ఆగితె వాళ్ళ దిక్కు మలుపుత."

నవనీత స్టూల్ మీద కూర్చుంది. ఆమె మెల్లగా లెక్క కూడుకుంటోంది.

"మాకంటె ముందు?"

"రాజమౌళి."

"మరి దర్వాజ?"

"దర్వాజ గూడ మంచిగనే ఉంది. గాలొస్తది."

"భద్రమ్మ?"

"తల్లి దయ ఉంటది పిల్లా. లేదనద్దు."

నవనీత తన ఫోన్ వైపు చూసుకుంది. "అయితె... నా ఫోటోలు?"

"ఫోటోలు మంచియి గనుకనే కొన్నరు. నేను వాకిలి దాక తోల్త. లోపల సరుకు బాగలేకుంటె ఎవడన్న కొంటడా?"

ఆ మాట అనకపోయినా ఆమె ఊరుకునేది. అన్నందుకు ఇంకా కోపం వచ్చింది. "మరి చెప్పద్దా బావా! ఇన్నేండ్లు ఎంత కూసిన నిన్ను!"

"చెప్తె ఏమయితది? ఒకలు వద్దంటరు. పదిమంది నాకంటె నాకని కొట్లాడ్తరు. చెప్పకుంటె అందరు ఖుషీ. ఒగలు బెల్లమంటరు, ఒగలు దర్వాజంటరు."

శేఖర్ మొదటిసారి నోరు తెరిచాడు. "మరి మీ దిక్కు ఎన్నడు మలుపుకోలేదేంది అన్నా?"

"మాకు మగ్గం లేదు. మగ్గం లేనోనికి గిరాకొస్తె ఏం జేసుకుంటడు?"

"నేను జేసుకున్న" అంది పద్మలత.

ఆమె ఎప్పుడొచ్చిందో, లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఫోన్ ఉంది. ఆ ఫోన్ పట్టుకున్న తీరు చూస్తే, ఇన్నాళ్ళూ ఆ చేతిలో గరిటె ఎలా ఇమిడిందా అనిపిస్తుంది.

"మీ ఫోనంత నాకే వస్తది గదా. ఈ రెండు వారాల సంది ఒకటే మోగుడు. మీకు చెప్తె అటు పోండ్రి అంటరు. అందుకే చెప్పలే. అన్నిటికి సరే అన్న."

"అన్నిటికి సరే అన్నవా?" సిద్దిరాములు కుర్చీలోంచి లేచాడు. "ఎవలు నేస్తరే?"

"అది మీరు అడగాలె, వాళ్ళు అడగలే."

"కొచ్చిన్ హోటలాయన?" అంది నవనీత లేచి నిలబడి.

"ఆయన గూడ చేసిండు. ఇంతకుముందు వేరే మేడంతోని మాట్లాడిన అన్నడు. ఆ మేడం నా చెల్లెనే అన్న. దుకాణం ఒక్కటే అన్న."

"అక్కా! నా గిరాకిని గుంజుకున్నవా!"

"నువ్వే గదనే నొక్కినవ్! గట్టిగ చేద్దాం అన్నవ్!"

అక్కాచెల్లెళ్ళు ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పుట్టినింటి సంగతులు, ఎవరికి ఏ చీర ఇచ్చారో, ఎవరు ఎవరి గాజులు పగలగొట్టారో అన్నీ వరసగా వచ్చాయి. సిద్దిరాములు అలవాటు చొప్పున వాళ్ళను ఎటో ఒకవైపు పంపాలని చూశాడు. ఎటూ తోచలేదు. ఒకరిని పంపితే రెండోవారి ఇంటికే పంపాలి.

మగ్గం గుంటలోంచి లోకాన్ని చూసే శేఖర్‌కు ఇది కష్టమైన లెక్కగా తోచలేదు. "వదినకు ఆర్డర్లున్నయి, మగ్గం లేదు. మనకు మగ్గాలున్నయి, ఆర్డర్లు లెవ్వు. ఇందుల లొల్లి ఏముంది?"

ఇద్దరూ ఆగారు. ఆ మాట తమకు తట్టనందుకు ఇద్దరికీ కొంచెం సిగ్గయింది. నవనీత ఫోన్ తీసింది.

"ఎల్లస్వామీ, ఏడున్నవ్?"

"స్టేషన్ల వదినా. లైన్ల ఉన్న. నా ముంగట ఒక్కడే ఉన్నడు."

"లైన్లకెళ్ళి బయటికి రా."

"టికెట్ తియ్యద్దా?"

"తీస్తె మీ అమ్మ మంచం కోడు నా నెత్తిల పడ్తది. రా నువ్వు. రేపు పొద్దుగాల పడుగు ఎక్కియ్యాలె."

ఈలోగా సిద్దిరాములు డబ్బాలో మళ్ళీ తొవ్వ అని రాశాడు. తెర తెరిచాడు. తన ముఖమే. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ తన ముఖమే. నవనీత వైపు తిరిగాడు.

"పిల్లా, టెంపరరీ నొక్కినవా, పర్మనెంటా?"

"పర్మనెంటే."

"సచ్చిన. పర్మనెంట్ అంటె వచ్చినోని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటది. రేపటి సంది వచ్చే కొత్తోళ్ళు మళ్ళ తొవ్వకే పోతరు. గని ఈ రెండు వారాలు వచ్చినోళ్ళల్ల చానమంది ఎప్పుడొచ్చినా ఇగ మా ఇంటికే. వాళ్ళ కంప్యూటర్లల్ల ఉన్నదాన్ని నేను తియ్యలేను."

"ఎప్పుడొచ్చినా మనింటికేనా?" అంది పద్మలత.

"ఎప్పుడొచ్చినా."

"మీరు మలిపినా మలగరా?"

"మలగరు."

పద్మలత చెల్లెలి వైపు చూసింది. కాసేపటి కిందట పగిలిన గాజులన్నీ అతుక్కున్నాయి. "నీ చేయి మంచిదే నవనీతా" అంది. లోపలికి పోయి స్టవ్ వెలిగించింది. ఆ రోజు సిద్దిరాములు ఎవరినీ హోటల్‌కు తీసుకుపోలేదు. అందరూ ఆ ఇంటి చాయే తాగారు. నిజానికి అది అంత బాగుండదు. ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దున ఎల్లస్వామి మగ్గం దగ్గరికి రాలేదు. పడుగు సిద్ధంగా ఉంది. నవనీత ఎదురుచూసి, చెంగు దోపుకుని అతని ఇంటికి పోయింది. ఇంటిముందు సిద్దిరాములు చెప్పులున్నాయి.

లోపల ఎల్లస్వామి గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. నేల మీద ఒక జంపఖానా పరిచి ఉంది. నెమలికంఠం అంచు, మధ్యలో దానిమ్మ రంగు. తన ఇంట్లో మూలనపడ్డ మగ్గం మీద, తన కోసమని ఎప్పుడో నేసుకున్నది. దాని నడిమధ్య అతని తల్లి కట్టమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఎదురుగా సిద్దిరాములు ఫోన్ పట్టుకుని, మోకాళ్ళ మీద వంగి ఉన్నాడు.

"ఇదేంది బావా? పొద్దుపొద్దుగాల నా మనిషిని పట్టుకున్నవ్?"

"నీ ఆర్డర్లు అయ్యేదాక నీ మనిషే. అటెనుక ఈయన మగ్గం ఈయనకు లేవాలె గదా. ఒక పేజీ కడ్తాన. ఫోటో గావాలె. అవ్వ జరుగుతలేదు."

"జరుగ" అంది కట్టమ్మ. "నా కొడుకు నా కోసం నేసిండు. నేను లేచినంక ఇది ఉత్త బట్ట."

నవనీత ఆ అంచును చూసింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఫోన్ బావ చేతిలోంచి లాక్కుంది.

"ఆమెను జరుపకు. కూసోనీ" అంది. "నువ్వు పక్కకు జరుగు. ఎండకు అడ్డమొస్తానవ్."

ఫోటో ఆమే తీసింది. సిద్దిరాములు అక్కడే గోడవార కూర్చుని, ఆ ఒక్క ఫోటోతో పేజీ కట్టి, తొవ్వను దాని వైపు తిప్పాడు. ఆ రోజు వరంగల్ జంపఖానా కావాలని కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ముందుగా కట్టమ్మ కనిపించింది. జంపఖానా మధ్యలో దుప్పటి కప్పుకుని, నా చాయ్ ఏదని అడుగుతూ.